ఇంటి చుట్టూ విడిచే జాగా: పొరుగు మహానగరాల సెట్‌బ్యాక్ నియమాలపై ఒక సమీక్ష

ఇంటి స్థలం సరిహద్దుకూ, ఆ స్థలంలో కట్టే భవనపు బయటి గోడకూ మధ్య తప్పనిసరిగా విడిచిపెట్టవలసిన ఖాళీ జాగాను పురపాలక నిబంధనలు సెట్‌బ్యాక్ అంటున్నాయి. రోడ్డు వైపు విడిచేది ముందు సెట్‌బ్యాక్. తక్కిన మూడు వైపులా విడిచేవి పక్క, వెనుక సెట్‌బ్యాక్‌లు. ఇది ప్లాను గీసే ఇంజనీరుకూ, దాన్ని మంజూరు చేసే టౌన్‌ప్లానింగ్ అధికారికీ మాత్రమే పట్టిన విషయంలా కనిపించవచ్చు గాని, పడకగదిలోకి వెలుతురు వస్తుందా, అగ్నిమాపక శకటం భవనం వెనక్కి వెళ్లగలదా, వాన నీరు ఎక్కడ ఇంకుతుంది, రేపు రోడ్డు వెడల్పు చేయవలసి వస్తే ఎవరి గోడ కూలుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ కొద్దిపాటి మీటర్లలోనే ఉంది. దక్షిణాదిలో పొరుగు రాజధానులైన హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఈ జాగాను మూడు వేర్వేరు పద్ధతుల్లో కొలుస్తున్నాయి. హైదరాబాదు పద్ధతినే రాష్ట్ర విభజన తరువాత విజయవాడ, విశాఖపట్నం కూడా చాలావరకు కొనసాగిస్తున్నాయి. ఈ నియమాలను పోల్చేవారు సాధారణంగా ఏ నగరం ఎక్కువ వదలమంటోంది, ఏది తక్కువతో సరిపెడుతోంది అన్న లెక్క దగ్గరే ఆగిపోతారు. అంతకన్నా విలువైన ప్రశ్న, వదలమన్న ఖాళీ ఎక్కడ పోగవుతోంది, అక్కడ అది ఎవరికైనా పనికివచ్చే ఆకారంలో ఉంటోందా అన్నది.

ఇళ్ల మధ్య ఖాళీని చట్టం చేత కొలిపించాలన్న పట్టుదల మన దేశంలో ప్రధానంగా ప్లేగు వ్యాధి తెచ్చినది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలిన తరువాత, 1898లో అక్కడ ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు గాలి, వెలుతురు సోకని గదులే రోగానికి పుట్టిళ్లని భావించి పాత వాడలను కూల్చి, కొత్త వీధులు వేసింది. ఆ ట్రస్టులో పనిచేసిన జె.పి. ఆర్ అనే అధికారి 63½ డిగ్రీల వెలుతురు కోణం అనే సూత్రాన్ని ప్రచారం చేశాడు. కిటికీ ఎదుట ఉన్న ఖాళీ వెడల్పుకు రెండింతలను మించి ఎదుటి భవనం ఎత్తు ఉండకూడదన్నది స్థూలంగా దాని సారం. పది మీటర్ల ఎత్తు గోడలు రెండు ఎదురెదురుగా ఉంటే వాటి మధ్య కనీసం ఐదు మీటర్ల ఎడం ఉండాలన్నమాట. అదే కాలంలో, 1898 ప్లేగు తరువాత, బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి విస్తరణలు విడివిడి ఇళ్లతో, నిడుపాటి వీధులతో వెలిశాయి. హైదరాబాదులో 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఇరుకు బస్తీలను తొలగించి కొత్త ఇళ్లూ వీధులూ వేసే పనికి పూనుకుంది. నేటి పట్టికల వెనుక ఉన్న ఆశయం ఆ తరానిదే. ఆ ఆశయాన్ని కొలిచిన కోణం మాత్రం పట్టికల్లోంచి జారిపోయి, విడివిడి ప్లాట్లకు కేటాయించిన మీటర్లే మిగిలాయి.

హైదరాబాదుకు సంబంధించి నిర్ణాయకమైన మలుపు 2006 మార్చి 3న వెలువడిన 86వ నంబరు ఉత్తర్వు. అంతకుముందు ఒక ప్లాటులో మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ, అంటే అన్ని అంతస్తుల విస్తీర్ణాన్ని కలిపి స్థలం విస్తీర్ణంతో భాగించగా వచ్చే నిష్పత్తి, పరిమితిగా పనిచేసేది. ఆ ఉత్తర్వు నిష్పత్తిని పక్కన పెట్టి, ప్లాటు పరిమాణం, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు అనే మూడింటి మీద ఆధారపడిన సెట్‌బ్యాక్‌లే భవనపు పరిమాణాన్ని నిర్ణయించేలా చేసింది. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ఉత్తర్వు అదే పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమంతటికీ వర్తించే భవన నిర్మాణ నియమావళిగా మార్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్ని సవరణలతో కొనసాగించగా, ఆంధ్రప్రదేశ్ 2017 మార్చి 28న 119వ నంబరు ఉత్తర్వుతో సొంత నియమావళి తెచ్చుకుంది గాని దాని ఎముకల గూడు పాతదే. అందువల్ల ఈ రెండు రాష్ట్రాల నగరాల్లో సెట్‌బ్యాక్ మీద పడిన భారం బెంగళూరు, చెన్నైలలో పడిన దానికంటే ఎక్కువ. అక్కడ సెట్‌బ్యాక్ తప్పినా నిష్పత్తి ఒక కాపలా కాస్తుంది. ఇక్కడ సెట్‌బ్యాక్ తప్పితే కట్టడం పరిమాణాన్ని ఆపేది రోడ్డు వెడల్పుకు కట్టిన ఎత్తు తప్ప మరేమీ ఉండదు.

2012 నాటి పట్టికను వరుసగా చదివితే దాని తర్కం తెలుస్తుంది. వంద నుంచి రెండు వందల చదరపు మీటర్ల ప్లాటులో పది మీటర్ల ఎత్తు వరకు కట్టవచ్చు. చిన్న రోడ్డు మీద ముందు ఒకటిన్నర మీటరు, తక్కిన మూడు వైపులా ఒక్కొక్క మీటరు విడవాలి. రెండు వందలు దాటి మూడు వందల లోపు ఉంటే, అదే ఎత్తుకు ముందు రెండు మీటర్లు, మిగిలిన వైపుల ఒకటిన్నర మీటరు. మూడు వందలు దాటిన ప్లాటుకు ముందు మూడు మీటర్లు. పక్కలకు ఏడు మీటర్ల ఎత్తు భవనమైతే ఒకటిన్నర, పన్నెండు మీటర్ల భవనమైతే రెండు. ఐదు వందల నుంచి ఏడు వందల యాభై చదరపు మీటర్ల స్థలంలో పన్నెండు మీటర్ల భవనానికి మూడు వైపులా మూడేసి మీటర్లు. రోడ్డు పెద్దదయ్యే కొద్దీ ముందు జాగా కూడా పెరుగుతుంది: మూడు వందల చదరపు మీటర్లు దాటిన అదే ప్లాటు పన్నెండు మీటర్ల రోడ్డు మీద ఉంటే మూడు మీటర్లు చాలు, ముప్ఫై మీటర్లకు మించిన రోడ్డు మీద ఉంటే ఏడున్నర మీటర్లు విడవాలి. ఉన్నవారు ఎక్కువ వదలాలి, లేనివారికి తక్కువతో పోనివ్వాలి అన్న న్యాయబుద్ధి ఇందులో ఉంది. యాభై చదరపు మీటర్ల లోపు ప్లాటుకు పక్కల అసలేమీ వదలనక్కర లేదనడం ఆ బుద్ధికి గుర్తు.

మెట్లు మెట్లుగా కట్టిన ఈ పట్టికకు ఒక లోపం పుట్టుకతోనే వచ్చింది. 199 చదరపు మీటర్ల ప్లాటుకూ 201 చదరపు మీటర్ల ప్లాటుకూ మధ్య నేల మీద తేడా ఒక చిన్న గది పాటి కూడా ఉండదు. అయినా రెండో దాని యజమాని ముందు అరమీటరు, మిగిలిన మూడు వైపులా అరమీటరు చొప్పున అదనంగా వదులుకోవాలి. ఫలితంగా పెద్ద స్థలాన్ని అన్నదమ్ముల మధ్య కాగితం మీద పంచుకుని రెండు చిన్న ప్లాట్లుగా చూపించడం లాభసాటి అవుతుంది. ఒకే కప్పు కింద ఒకే కుటుంబం ఉంటున్నా రికార్డులో రెండు ఇళ్లు కనిపిస్తాయి. విభజనను ప్రోత్సహించే నియమం, నగరానికి విశాలమైన స్థలాలు అవసరమని చెబుతున్న అదే నియమావళిలో ఉండడం విచారకరం. స్థలాలు గజాల్లో కొని, నియమాలు మీటర్లలో చదివే ఈ ప్రాంతంలో, తాను కొంటున్న 240 గజాలు రెండు వందల చదరపు మీటర్ల గీతకు పైన పడతాయని, అంటే పాత ఇంటి నమూనా అక్కడ సరిపోదని, కొనుగోలుదారుకు సాధారణంగా ప్లాను గీయించేటప్పుడే తెలుస్తుంది.

బెంగళూరు ఈ చిక్కును వేరొక దారిలో దాటింది. 2007లో ఆమోదం పొందిన, 2015 పేరుతో పిలిచే సవరించిన బృహత్ ప్రణాళిక నిబంధనలు, మొదట 11.5 మీటర్ల ఎత్తు లోపు కట్టడాలకు, మరీ చిన్నవి కాని స్థలాల్లో సెట్‌బ్యాక్‌ను స్థలం లోతులో, వెడల్పులో ఇంత శాతం అని నిర్దేశించాయి. శాతానికి మెట్లు ఉండవు. స్థలం ఒక అడుగు పెరిగితే వదలవలసినది ఆ మేరకే పెరుగుతుంది, కనుక ప్లాటును కాగితం మీద కోసుకోవలసిన అవసరం తగ్గుతుంది. అయితే శాతం చిన్న స్థలంలో మనిషి దేహాన్ని మరిచిపోతుంది. ముప్ఫై అడుగుల వెడల్పు స్థలానికి, ఉదాహరణకు, ఎనిమిది శాతం అనుకుంటే వచ్చేది డెబ్భై మూడు సెంటీమీటర్లు; అందులో నిచ్చెన వేసి సున్నం కొట్టడం కష్టం, డ్రైనేజీ మూత తీసి పని చేయడం ఇంకా కష్టం. ఎత్తు 11.5 మీటర్లు దాటగానే శాతం పోయి, పదిహేను మీటర్ల వరకు చుట్టూ ఐదు మీటర్లు అనే మరో లెక్క వచ్చిపడేది. మెట్టు పోయిందనుకున్న చోట ఒక పెద్ద మెట్టు తిరిగి లేచి నిలుచుంది. ఆ నగరంలో చిన్న స్థలాల మీద ఆ గీతకు సెంటీమీటరు కింద ఆగిపోయే ఇళ్లు ఎన్నో ఉండడానికి కారణం అదే.

చెన్నై రెండు కాపలాలనూ ఉంచుకుంది. 2008 నాటి రెండో బృహత్ ప్రణాళిక ముందు సెట్‌బ్యాక్‌ను ప్లాటు పరిమాణంతో కాక రోడ్డు వెడల్పుతో ముడిపెట్టి, పది మీటర్ల లోపు రోడ్డు మీద ఒకటిన్నర మీటరు మొదలుకొని, 30.5 మీటర్లకు మించిన రోడ్డు మీద ఆరు మీటర్ల వరకు నిర్ణయించింది. ఎత్తు తక్కువ భవనాలకు ఒకటిన్నరగా ఉన్న ఎఫ్‌ఎస్‌ఐని 2019లో వచ్చిన తమిళనాడు సమీకృత అభివృద్ధి, భవన నియమావళి రెండుకు పెంచింది. కాని చెన్నై నియమాల్లో నిజంగా దృష్టి పెట్టదగినది మరొకటి: జార్జిటౌన్ వంటి పాత వాడల్లో, గోడకు గోడ ఆనించి వరుసగా కట్టుకునే ఇళ్లను ఆ నియమాలు తప్పుగా చూడకుండా, నిరంతర నిర్మాణ ప్రాంతాలుగా గుర్తించి, అక్కడ పక్కల ఖాళీ వదలనక్కర లేదని చెప్పాయి. మిగతా రెండు నగరాల పట్టికలు ప్రతి ఇంటినీ తోట మధ్య బంగళాగా ఊహించుకుని, అది చిన్నదైనప్పుడు తోటను కుదిస్తూ పోయాయి; చెన్నై కనీసం కొన్ని వాడల విషయంలో ఇల్లు వీధిలో ఒక భాగమని ఒప్పుకుంది.

ఎత్తయిన భవనాల దగ్గరికి వచ్చేసరికి భేదాలు ఆశ్చర్యకరంగా కరిగిపోతాయి. 1970లో తొలిసారి వెలువడి, 1983లో, 2005లో, 2016లో సవరించబడిన జాతీయ భవన నిర్మాణ స్మృతి రాష్ట్రాలను నేరుగా బంధించదు. అది మార్గదర్శకం మాత్రమే. అయినా దానిలో ఎత్తును బట్టి చుట్టూ వదలవలసిన ఖాళీని చెప్పే పట్టికను హైదరాబాదు, బెంగళూరు దాదాపు యథాతథంగా తీసుకున్నాయి. ఇరవై ఒక్క మీటర్ల వరకు ఏడు, ఇరవై నాలుగు వరకు ఎనిమిది, ముప్ఫై వరకు పది, యాభై వరకు పద్నాలుగు, ఆ పైన పదహారు మీటర్లు. హైదరాబాదు అయితే యాభై ఐదు మీటర్లు దాటాక ప్రతి ఐదు మీటర్ల ఎత్తుకూ మరో అరమీటరు చేర్చింది. చెన్నై తన దారిన తాను ముప్ఫై మీటర్ల ఎత్తు వరకు చుట్టూ ఏడు మీటర్లే చాలని, ఆ పైన ప్రతి ఆరు మీటర్లకూ ఒక మీటరు పెంచాలని చెప్పింది. ముప్ఫై మీటర్ల భవనం, అంటే ఇంచుమించు పది అంతస్తులు, హైదరాబాదులోనో బెంగళూరులోనో పది మీటర్లు వదలవలసిన చోట చెన్నైలో ఏడు వదిలితే సరి; యాభై మీటర్ల దగ్గర ఆ తేడా పద్నాలుగుకూ పదకొండుకూ మధ్య ఉంటుంది. హైదరాబాదు, చెన్నై పట్టికలు రెండూ ఏడు దగ్గర మొదలుకావడం యాదృచ్ఛికం కాదు: అగ్నిమాపక శకటం భవనం చుట్టూ తిరిగి, మలుపు తీసుకుని, నిచ్చెన ఎత్తడానికి కావలసిన కనీస వెడల్పు దరిదాపు అంత ఉంటుంది. ఇక్కడ ఖాళీకి స్పష్టమైన ఉపయోగం ఉంది, దాన్ని కొలిచే సాధనం ఉంది, అది లేనప్పుడు జరిగే నష్టం కళ్లకు కడుతుంది. అందుకే ఎత్తయిన భవనాల విషయంలో నగరాల మధ్య వాదం తక్కువ.

వాదం ఉండవలసినది చిన్న ప్లాటు దగ్గర. నగరవాసుల్లో చాలామంది బతికేది అక్కడే, నియమాల తర్కం బలహీనపడేదీ అక్కడే. ముప్ఫై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు ఉన్న 200 గజాల స్థలాన్ని, అంటే సుమారు 167 చదరపు మీటర్లను తీసుకుంటే, హైదరాబాదు పట్టిక ప్రకారం ముందు ఒకటిన్నర మీటరు, మిగిలిన మూడు వైపులా మీటరు చొప్పున విడిచాక, నేల మీద కట్టడానికి మిగిలేది దాదాపు 113 చదరపు మీటర్లు. పది మీటర్ల ఎత్తులో మూడు అంతస్తులు వేస్తే మొత్తం 338 చదరపు మీటర్లు వస్తుంది. చెన్నైలో అదే స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ రెండు చొప్పున అనుమతించే విస్తీర్ణం 334. నిష్పత్తి అక్కర లేదన్న నగరమూ, నిష్పత్తిని పట్టుకున్న నగరమూ సగటు మధ్యతరగతి ఇంటి దగ్గర ఇంచుమించు ఒకే అంకెకు చేరడం గమనించదగినది. ఎఫ్‌ఎస్‌ఐ లేకపోవడం వల్ల హైదరాబాదులో కట్టడాలు మితిమీరాయన్న విమర్శ పెద్ద స్థలాల్లో లేచే ఆకాశహర్మ్యాల విషయంలో చెల్లుతుంది గాని, కాలనీల్లోని ఇళ్ల విషయంలో నిలవదు.

ఇప్పుడు అదే పట్టికను బెంగళూరులో అతి సాధారణమైన ముప్ఫై నలభై అడుగుల స్థలానికి, అంటే 133 గజాలకు, వర్తింపజేసి చూడాలి. 111 చదరపు మీటర్లకు కొంచెం పైన ఉన్న ఈ స్థలంలో వదిలే ఖాళీ మొత్తం 42 చదరపు మీటర్లు, అంటే స్థలంలో 38 శాతం. 200 గజాల స్థలంలో అది 33 శాతమే. చిన్న స్థలం తన భాగంలో ఎక్కువ వదులుకుంటున్నదన్నమాట, ఉన్నవారు ఎక్కువ వదలాలన్న న్యాయబుద్ధి పట్టికలో ఒకే గడిలో పడిన రెండు ప్లాట్ల మధ్య తలకిందులవుతోంది. అంతకన్నా బాధాకరమైనది ఆ 42 చదరపు మీటర్లు ఎక్కడ ఉన్నాయన్నది. ముందు భాగంలో 14, వెనుక 9, రెండు పక్కలా కలిపి 19. ఇంటి యజమాని తన స్థలంలో వదిలిన ఖాళీలో దాదాపు సగం, మీటరు వెడల్పున్న రెండు సందుల్లో చిక్కుకుపోయి ఉంది. అక్కడ సూర్యుడు దిగడు, చెట్టు పెరగదు, పిల్లలు ఆడుకోలేరు. పక్కింటివారు కూడా తమ వంతు మీటరు వదిలినా, రెండు పది మీటర్ల గోడల మధ్య ఎడం రెండు మీటర్లు; వెలుతురు కోణం డెబ్భై ఎనిమిది డిగ్రీలు దాటుతుంది. బొంబాయి ట్రస్టు అధికారి వందేళ్ల కిందట అడిగిన ఐదు మీటర్లలో సగమైనా లేని ఈ సందులోకి తెరుచుకునే కిటికీలకు మందపాటి తెరలు వేసుకుని, పగలే దీపాలు వెలిగించుకుని బతుకుతున్న ఇళ్లు మూడు నగరాల్లోనూ లెక్కకు మిక్కిలి.

పక్క గోడలను ఆనించడానికి అనుమతించి, అంతే ఖాళీని ఒకచోట పోగు చేస్తే ఏమవుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. అదే ముప్ఫై నలభై స్థలంలో ముందు ఒకటిన్నర మీటరును అలాగే ఉంచి, రెండు సందులనూ వెనుక జాగాలో కలిపితే, స్థలం వెడల్పంతా పరుచుకున్న మూడు మీటర్ల పైచిలుకు పెరడు వస్తుంది. కట్టే విస్తీర్ణం ఒక్క చదరపు మీటరు కూడా తగ్గదు. వెనుక వీధి ఇల్లు కూడా అలాగే కడితే రెండు గోడల మధ్య ఎడం ఆరు మీటర్లు దాటుతుంది, వెలుతురు కోణపు పాత ప్రమాణం నెరవేరుతుంది. ఇంటి లోతు ఏడున్నర మీటర్లే కనుక ముందు కిటికీ నుంచి వెనుక కిటికీకి గాలి సూటిగా పారుతుంది. 200 గజాల స్థలంలో ఇంటి లోతు పన్నెండు మీటర్లు దాటుతుంది కాబట్టి నడిమి గదులకు వెలుతురు చాలదు; దానికి జవాబు కోస్తా జిల్లాల మండువా లోగిళ్లలో తరాలుగా ఉంది. ఇంటి నడుమ ఆకాశానికి తెరుచుకున్న చతురస్రం ఉంచి, దాని చుట్టూ వసారాలు, గదులు అమర్చుకున్న ఆ ఇళ్లలో ఖాళీ జాగా ఇంటివారి చేతికి అందే చోట ఉండేది. నాలుగు వైపులా మీటరు చొప్పున వదిలాక నడుమ లోగిలికి చోటు మిగలదు. ఆ విధంగా ఈ ప్రాంతపు ఎండకూ వానకూ అలవాటుపడిన ఒక ఇంటి రూపాన్ని, ఎవరూ నిషేధించకుండానే, పట్టిక కనుమరుగు చేసింది.

ఉమ్మడి గోడకు అభ్యంతరాలు లేకపోలేదు, అవి తేలికైనవీ కావు. ఒక ఇంటి పునాది తవ్వేటప్పుడు పక్కింటి పునాది కదిలే ప్రమాదం ఉంది; వేర్వేరు ఎత్తుల భవనాలు భూకంపం వేళ ఒకదానికొకటి కొట్టుకోకుండా వాటి మధ్య సన్నని విడుపు ఉంచి, దానిలో నీరు దిగకుండా పైన మూయాలి. గోడలోంచి చప్పుళ్లు వినిపిస్తాయి. అన్నిటికన్నా తెలుగు ఇళ్లలో పెద్ద అడ్డు వాస్తు: తూర్పు, ఉత్తర దిక్కుల్లో ఎక్కువ జాగా ఉండాలని, ప్రహరీ పొరుగువారితో కలవకూడదని నమ్మే కుటుంబం గోడ పంచుకోవడానికి ఇష్టపడదు. పెద్ద స్థలాల్లో ఒక పక్క సెట్‌బ్యాక్‌లో కొంత భాగాన్ని మరో పక్కకు మార్చుకునే వెసులుబాటు 2012 నియమావళిలో ఉంది. వాస్తు ప్రకారం ఇల్లు కట్టుకునేవారికి అది చాలా పనికివస్తోంది. చిన్న స్థలాలకు ఆ వెసులుబాటు లేదు, అవసరం వారికే ఎక్కువ. నమ్మకాన్ని ఎదిరించనక్కర లేకుండానే, తూర్పు పక్క రెండు మీటర్లు విడిచి పడమటి గోడను హద్దు మీద కట్టుకోనిస్తే, ఒక వీధి మొత్తం అదే పద్ధతి పాటించినప్పుడు, ప్రతి ఇంటికీ ఒక నిజమైన పక్క జాగా దక్కుతుంది. దీనికి ఒక్కొక్క ప్లాటును విడిగా చూసే పట్టిక చాలదు. వీధిని ఒక యూనిట్‌గా చూసే నియమం కావాలి.

ముందు సెట్‌బ్యాక్ సంగతి వేరు. దాని ఉపయోగం ఇంటివారికంటే వీధికి ఎక్కువ, దాని లెక్క రోడ్డు విస్తరణతో పెనవేసుకుని ఉంటుంది. తొమ్మిది మీటర్ల కన్నా ఇరుకైన వీధిలో ఇల్లు కట్టేవారు వీధి నడిగీత నుంచి నాలుగున్నర మీటర్లు వదిలి, ఆ తరువాతే సెట్‌బ్యాక్ కొలుచుకోవాలన్నది తెలుగు రాష్ట్రాల సాధారణ నియమం. విస్తరణకు స్థలం ఉచితంగా ఇచ్చినవారికి సెట్‌బ్యాక్‌లో సడలింపు, లేదా వేరొకచోట వాడుకోగల లేక అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రం దొరుకుతాయి. ఇది మంచి ఏర్పాటే. కాని వీధిలో ఒక్కరు కొత్తగా కట్టి వెనక్కి జరిగి, పాత ఇళ్లవారు ముందుకే ఉండిపోతే, ఏళ్ల తరబడి ఆ వెనక్కి జరిగిన చోటు ఎవరిదో చెప్పలేని జాగాగా, బండ్లు నిలిపే స్థలంగా మిగిలిపోతుంది.

నీటి వనరుల ఒడ్డున వదిలేది కూడా సెట్‌బ్యాకే గాని దాని కొలమానం పూర్తిగా వేరు. 2012 నియమావళి పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి ముప్ఫై మీటర్లు, చిన్న చెరువుకు తొమ్మిది మీటర్లు వదలమంది. బెంగళూరులో 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువుల చుట్టూ డెబ్భై ఐదు మీటర్లు విడవాలని ఆదేశించగా, ఆ ఆదేశాన్ని 2019 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. బృహత్ ప్రణాళికలోని అంకెను ట్రిబ్యునల్ మార్చలేదన్నది దాని తీర్పు. చెరువు ఒడ్డున ఎంత వదలాలన్న శాస్త్రీయ ప్రశ్నకు అక్కడ జవాబు రాలేదు, దాన్ని ఎవరు నిర్ణయించాలన్న దానికే వచ్చింది.

కాగితం మీది మీటర్లు నేల మీద ఎంత మిగులుతున్నాయన్న ప్రశ్న దగ్గర మూడు నగరాలూ సమానంగా తలవంచుకోవలసిందే. తెలుగు రాష్ట్రాల్లో చిన్న ఇళ్లను మినహాయించి, అనుమతి ఇచ్చేటప్పుడే కట్టబోయే విస్తీర్ణంలో పది శాతాన్ని పురపాలక సంస్థ పేర తనఖా పెట్టించుకుని, ప్లాను ప్రకారం కట్టినట్టు ధ్రువీకరించే నివాసయోగ్యతా పత్రం, జనం ఓసీ అని పిలిచేది, ఇచ్చాకే విడుదల చేసే పద్ధతి ఉంది. పొరుగు నగరాలు పరిశీలించదగిన ఉపాయం ఇది. మరోవైపు, 2007 డిసెంబరు 31న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం, 2015లో రెండు రాష్ట్రాలూ విడివిడిగా తెచ్చినవి, తమిళనాడు తన పట్టణ ప్రణాళికా చట్టంలో చేర్చుకున్న 113-ఏ సెక్షను, కర్ణాటక అక్రమ-సక్రమ పథకం, అన్నీ ఒకే సందేశం ఇచ్చాయి: వదలవలసిన జాగాలో కట్టుకుని కొన్నేళ్లు ఓపిక పడితే, రుసుము చెల్లించి బయటపడవచ్చు. కర్ణాటక పథకం నివాస భవనాల్లో సెట్‌బ్యాక్ ఉల్లంఘన యాభై శాతం దాకా ఉన్నా క్రమబద్ధీకరిస్తానంది. సుప్రీంకోర్టు 2017లో దాన్ని నిలిపివేసింది. 1974లోనే ఉడుపి పురపాలక సంఘానికి సంబంధించిన కేసులో అదే కోర్టు, ప్రణాళికకు విరుద్ధమైన కట్టడం వల్ల పొరుగువారి హక్కు దెబ్బతింటుందని, దాన్ని ప్రశ్నించే అర్హత వారికి ఉందని చెప్పింది. క్రమబద్ధీకరణ రుసుము పురపాలక ఖజానాకు పోతుంది. వెలుతురు కోల్పోయిన పక్కింటివారికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. ఈ పథకాల్లో అన్నిటికన్నా అన్యాయమైన అంశం ఇది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ చూపనిదే విద్యుత్తు, నీరు వంటి శాశ్వత కనెక్షన్లు ఇవ్వరాదని ఆదేశించడం వల్ల, కనీసం కొత్త కట్టడాల విషయంలో, కొలత కాగితం దాటి నేల మీదికి వచ్చే అవకాశం ఏర్పడింది. 2020లో తెలంగాణ తెచ్చిన చట్టం ఐదు వందల చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇవ్వడం వల్ల ఈ కొలత భారం మరింతగా కట్టిన తరువాతి తనిఖీ మీద పడింది.

పొరుగు నగరాల తేడాల గురించి మాట్లాడేటప్పుడు ఒకే నగరం లోపల ఉన్న పొరుగు సరిహద్దులను మరవకూడదు. సికింద్రాబాదు కంటోన్మెంటు 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద రక్షణ శాఖ ఆధ్వర్యంలో నడుస్తుంది కనుక, దాని హద్దుకు ఇటు రాష్ట్ర నియమావళి, అటు బోర్డు నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ ఇంకా సజీవంగా ఉంది. శివారు పంచాయతీల్లో నియమం పేరుకు నగరంలోనిదే అయినా, దాన్ని కొలిచి చూసే సాంకేతిక సిబ్బంది లేక, పక్క సందులు పూర్తిగా మాయమైన భవనాలు లేచాయి. తరువాత ఆ గ్రామాలు నగరంలో కలిసినప్పుడు, లేని జాగాను తిరిగి పుట్టించడం ఎవరి తరమూ కాలేదు.

ఇప్పటికే కట్టిన కాలనీల్లో సందులను పెరళ్లుగా మార్చడం అసాధ్యం. అయితే మూడు నగరాల చుట్టూ బాహ్య వలయ రహదారుల వెంట వేస్తున్న కొత్త లేఅవుట్లలో ప్లాట్లు ఇంకా గీతలుగానే ఉన్నాయి. హద్దు రాళ్లు పాతకముందే ఏ గోడ ఉమ్మడి, ఏ పక్క విడుపు, వెనుక పెరళ్లు ఏ వరుసలో కలవాలి అన్నది లేఅవుట్ ప్లానులోనే గీసి, సేల్ డీడ్‌లో నమోదు చేయిస్తే, ప్రతి కొనుగోలుదారూ ఆ షరతు తెలిసే కొంటాడు. లేఅవుట్ మంజూరు అధికారం హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, బెంగళూరులోనూ ఇప్పటికే మహానగర లేదా నగరాభివృద్ధి సంస్థల చేతిలో ఉంది. రోడ్లకూ పార్కులకూ స్థలం వదలమని నిర్దేశిస్తున్నది అవే సంస్థలు. నూట ముప్ఫై గజాల నుంచి రెండు వందల గజాల ప్లాట్ల వరుసలకు, నాలుగు వైపుల మీటరు పట్టికకు బదులుగా, వెనుక ఆరు మీటర్ల ఉమ్మడి ఎడాన్నీ, లోతైన స్థలాల్లో నడుమ లోగిలినీ ఐచ్ఛిక నమూనాగా చేర్చడానికి వాటికి కావలసినది నియమావళిలో ఒక అదనపు పట్టిక, దాన్ని వీధి మొత్తానికి ఒకేసారి వర్తింపజేసే ఒక నిబంధన.